అమ్మ గడియారంలో డల్లాస్ ఎంత దూరం?

మొన్న జూన్‌లో అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా బయల్దేరారు. చెల్లి వాళ్లుండేది డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో. టికెట్ ప్రింట్ తీసి చేతికిస్తే నాన్న కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఏరా, తెల్లవారుజామున 3:50కి హైదరాబాద్‌లో ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:15కి డల్లాస్‌లో దిగుతామని ఉంది. పన్నెండున్నర గంటలే కదా, మరి ఒక రోజంతా పడుతుందని అందరూ అంటారేంటి?" అమ్మ పక్కనుంచి అందుకుంది. "వచ్చేటప్పుడు చూడండి, సోమవారం సాయంత్రం ఎక్కితే బుధవారం తెల్లవారుజామున దిగుతామట. అంటే పోయేటప్పుడు దగ్గర, వచ్చేటప్పుడు దూరమా?"

ఇద్దరూ అడిగింది చాలా సరైన ప్రశ్న. ఈ రోజుల్లో ఏ రెండు ఊళ్ల పేర్లు ఫోన్‌లో కొట్టినా దూరం ఇంత, ప్రయాణం ఇన్ని గంటలు అని ఒక్కో అంకె వచ్చేస్తుంది. హైదరాబాద్–డల్లాస్ అని కొడితే సుమారు 14,400 కిలోమీటర్లు అని చూపిస్తుంది. కానీ ఆ 14,400 కిలోమీటర్ల దారిలో ఇవాళ ఒక్క ప్రయాణికుడు కూడా ప్రయాణించడం లేదు. ఆ గీత మీద నడిచే సర్వీసే లేదు. మరి ఆ అంకె ఎక్కడిది, మనం నిజంగా వెళ్లే దూరమెంత, గంటలు ఎక్కడ పోతున్నాయి అన్నది ఒక్కొక్కటిగా విడదీసి చూడాలి.

ఆ రోజు ఇంట్లో మా అబ్బాయి గ్లోబు ఉంది, 30 సెంటీమీటర్ల అడ్డకొలతది. అమ్మ పూలు కట్టే దారం ఉంది. దారం ఒక కొస హైదరాబాద్ మీద పెట్టి బొటనవేలితో నొక్కి పట్టుకోమన్నాను. రెండో కొస డల్లాస్ మీద పెట్టాను. ముందు వదులుగా, గోడ మీది మ్యాపులో గీసినట్టు, అరేబియా సముద్రం, సహారా ఎడారి, అట్లాంటిక్ మీదుగా పడుకోబెట్టాను. తర్వాత మెల్లగా బిగించి లాగాను. దారం అక్కడ నిలవలేదు. దానంతటదే పైకి జారుకుంటూ వెళ్లి ఉత్తర ధ్రువం పక్కన ఆగింది. అమ్మ వేలు తియ్యకుండానే వంగి చూసి, "అదేంటి, పడమరకి పోవాలని కదా మంచు మీదకి పోయింది" అంది.

బిగించిన దారం కొలిస్తే 34 సెంటీమీటర్లు. ఈ గ్లోబు మీద ఒక సెంటీమీటరు అంటే దాదాపు 425 కిలోమీటర్లు. లెక్క వేస్తే 14,400 దగ్గరకే వస్తుంది. గోడ మ్యాపు మీద స్కేలు పెట్టి గీసిన గీత దారినే నిజంగా వెళితే మాత్రం సుమారు 17,700 కిలోమీటర్లు అవుతుంది. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీద పరిచినప్పుడు ఉత్తరాన ఉన్నవన్నీ అడ్డంగా సాగిపోతాయి. అందుకే అక్కడ వంపుగా కనిపించేది అసలు దగ్గరి దారి, తిన్నగా కనిపించేది చుట్టుదారి. విమానంలో సీటు ముందు స్క్రీన్ మీద దారి విల్లులా వంగి కనిపించడానికి కారణం కూడా ఇదే. పైలట్ చుట్టు తిప్పడం లేదు, మ్యాపే దారిని వంచి చూపిస్తోంది.

మన రెండు ఊళ్ల విషయంలో ఇంకో విశేషం ఉంది. హైదరాబాద్ దాదాపు 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డల్లాస్ 97 డిగ్రీల పడమర మీద ఉంది. రెండూ కలిపితే 175. అంటే ఒకటి భూమికి ఈ పక్క ఉంటే రెండోది ఇంచుమించు ఆ పక్క. అలాంటప్పుడు దగ్గరి దారి నేరుగా ఉత్తరానికి ఎక్కి, ధ్రువానికి ఐదారు వందల కిలోమీటర్ల దూరంలోంచి దాటి, అవతలి పక్క కెనడా మీదుగా దిగాలి. హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి పడమరకో తూర్పుకో కాదు, నిజానికి ఉత్తరానికి వెళ్లాలి. నాకు ఈ లెక్కలో బాగా నచ్చిన మాట ఇది.

అయితే ఆ దారిన విమానం ఎందుకు లేదు? అంత దూరం ఆగకుండా ఎగిరే విమానాలు లేక కాదు. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి సుమారు 15,300 కిలోమీటర్లు ఏకబిగిన, దాదాపు 18 గంటల 40 నిమిషాల సమయంతో విమానం నడుస్తోంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకి నేరుగా సర్వీసు మొదలుపెట్టింది. అది సుమారు 13,300 కిలోమీటర్లు. తర్వాత ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకి దాదాపు 14,000 కిలోమీటర్ల తొలి విమానాన్ని జోయా అగర్వాల్, పాపగారి తన్మయి, ఆకాంక్ష సోనావరే, శివానీ మన్హాస్ అనే నలుగురు మహిళా పైలట్లు ఉత్తర ధ్రువం మీదుగా తెచ్చారు. కాబట్టి చేతకాని పని కాదు. ఇంత దూరం వెళ్లే విమానం బయల్దేరేటప్పుడు మోసే బరువులో పెద్ద భాగం ఇంధనమే. ఆ ఇంధనాన్ని మోయడానికి మళ్లీ ఇంధనం కాల్చాలి. సీట్లు నిండి, టికెట్‌కి తగిన ధర వస్తే తప్ప గిట్టుబాటు కాదు.

దారిలోనూ చిక్కులున్నాయి. ఆ గీత హిమాలయాలు, టిబెట్ పీఠభూమి పడమటి కొసన ఉన్న ఎత్తైన పర్వతాల మీదుగా పోతుంది. విమానంలో గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే పది వేల అడుగులకి, అంటే మూడు కిలోమీటర్ల ఎత్తుకి దించాలి. పైనుంచి వేలాడే మాస్కుల్లో ఆక్సిజన్ మామూలుగా 12–15 నిమిషాలకే సరిపోతుంది. టిబెట్ పీఠభూమి సగటు ఎత్తే నాలుగున్నర కిలోమీటర్లు. దించడానికి చోటెక్కడ? అందుకే చాలా సర్వీసులు ఆ ప్రాంతాన్ని తప్పించుకునే పోతాయి. ధ్రువం దగ్గర బయటి చలికి ఇంధనం గడ్డకట్టే ప్రమాదాన్ని కూడా చూసుకోవాలి. అంతర్జాతీయ విమానాల్లో ఎక్కువగా వాడే జెట్ ఇంధనం మైనస్ 47 డిగ్రీల దగ్గర గడ్డకట్టడం మొదలవుతుంది.

ఇక దేశాల తగాదాలు. 2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక అమెరికా, కెనడా, యూరప్ సంస్థలకి రష్యా ఆకాశం మూతపడింది. మన దేశపు విమానాలకీ గల్ఫ్ విమానాలకీ ఆ దారి తెరిచే ఉంది. కానీ తెరిచి ఉన్నంత మాత్రాన సులువని కాదు. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్తున్న ఎయిర్ ఇండియా విమానం ఇంజిన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన ఉన్న మగడాన్‌లో దిగింది. 216 మంది ప్రయాణికులు ఆ చిన్న ఊళ్లో ఇంకో విమానం వచ్చేదాకా ఎదురుచూశారు. ధ్రువం దారిలో పోయేటప్పుడు కిటికీలోంచి కింద కనపడే తెల్లటి ఖాళీ అంతా దిగడానికి చోటు లేని ఖాళీ. దారి గీసేవాళ్లు ప్రతి క్షణం లెక్కలోకి తీసుకునేది దాన్నే.

సరే, నేరుగా లేదు కాబట్టి మధ్యలో ఎక్కడో దిగి మారాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. "దుబాయ్ మీదుగా అయితే దగ్గర, లండన్ మీదుగా అయితే చుట్టు" అని నమ్మకంగా చెబుతుంటారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. గ్లోబు మీద కొలిచాక నా అభిప్రాయం మారింది. హైదరాబాద్ నుంచి దుబాయ్ సుమారు 2,550 కిలోమీటర్లు, అక్కడి నుంచి డల్లాస్ 12,920. మొత్తం 15,470. దోహా మీదుగా అయితే 2,910, ఆపైన 12,740, మొత్తం 15,650. లండన్ మీదుగా 7,750, ఆపైన 7,630, మొత్తం 15,380. ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా 15,370. ఎటు పోయినా వెయ్యి, పన్నెండు వందల కిలోమీటర్లే అదనం. పూలదారం మీద మూడు సెంటీమీటర్లకి మించదు. ఇదంతా దగ్గరి గీత లెక్క, నిజంగా ఎగిరే దారి రోజును బట్టి కొంచెం పెరుగుతుంది. అయినా ఏ ఊళ్లో మారుతున్నాం అన్నదాన్ని బట్టి దూరంలో చెప్పుకోదగ్గ తేడా రాదు. కాబట్టి టికెట్ కొనేటప్పుడు "ఏది దగ్గర" అన్న ప్రశ్నే పక్కన పెట్టేయవచ్చు.

తేడా తెచ్చేది గాలి. దోహా నుంచి డల్లాస్‌కి సుమారు 16 గంటల పావు పడితే, అదే విమానం డల్లాస్ నుంచి దోహాకి దాదాపు పద్నాలుగున్నర గంటల్లో వచ్చేస్తుంది. నాన్న దీనికి తన లెక్క తాను వేసుకున్నారు. "భూమి పడమర నుంచి తూర్పుకి తిరుగుతుంది కదరా. పైకెగిరి పడమరకి పోతే డల్లాసే మనకి ఎదురు రావాలి కదా? పోయేటప్పుడే తొందరగా అయిపోవాలి." రైలు పెట్టెలో కూర్చుని బంతి పైకి విసిరితే అది వెనక సీటువాళ్ల మీద పడదు, మన చేతిలోనే పడుతుంది. పెట్టెతో పాటు అందులోని గాలి, బంతి అన్నీ ముందుకి పోతున్నాయి కాబట్టి. భూమి కూడా తన గాలినంతా వెంటేసుకునే తిరుగుతుంది. విమానం ఎగిరేది ఆ గాలిలోనే. కాబట్టి భూమి తిరుగుడు నేరుగా మనకి లాభం చెయ్యదు, నష్టం చెయ్యదు.

పది కిలోమీటర్ల ఎత్తులో మాత్రం ఆ గాలి ఊరికే ఉండదు. పడమర నుంచి తూర్పుకి నదిలా పారుతుంది. దాన్నే జెట్ స్ట్రీమ్ అంటారు. 1920ల్లో జపాన్‌లో వాసబురో ఓయిషి అనే శాస్త్రవేత్త బెలూన్లు వదిలి ఈ గాలిని కొలిచాడు. కొలిచిన సంగతి అన్ని దేశాలవాళ్లకీ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పెరాంటో భాషలో అచ్చు వేయించాడు. ప్రపంచమంతా చదువుతుందని ఆ భాష ఎంచుకున్నాడు పాపం, చదివినవాళ్లు చాలా తక్కువ. రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ పైలట్లు ఆ గాలికి ఎదురుపడ్డాకే అందరికీ తెలిసింది.

పాపికొండలకి లాంచీలో వెళ్లినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గోదావరికి ఎదురెక్కేటప్పుడు ఇంజిన్ ఎంత మోత పెట్టినా ఒడ్డున చెట్లు మెల్లగా కదులుతాయి. తిరుగు ప్రయాణంలో అదే ఇంజిన్, చెట్లు మాత్రం గబగబా వెనక్కి పోతాయి. విమానం గాలిలో గంటకి 900 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. దారి పొడవునా సగటున 50 కిలోమీటర్ల గాలి ఎదురైతే నేల మీద లెక్కకి 850, వెనకనుంచి తోస్తే 950. పన్నెండు వేల ఏడొందల కిలోమీటర్ల దారిలో ఆ చిన్న తేడాకే గంటన్నర పైన తేడా వస్తుంది. చలికాలంలో ఈ గాలి ఇంకా జోరందుకుంటుంది. 2024 ఫిబ్రవరిలో వాషింగ్టన్ నుంచి లండన్ వెళ్తున్న ఒక విమానం నేల మీద లెక్కకి గంటకి 1,290 కిలోమీటర్లు అందుకుంది. ధ్వని వేగాన్ని దాటిందని అప్పట్లో రాసేశారు గానీ, అది దాటలేదు. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది రోజూ పోయే వేగంతోనే పోయింది, గాలే దాన్ని మోసుకుపోయింది.

అందుకే విమాన సంస్థలకి దగ్గరి దారి ముఖ్యం కాదు, తక్కువ టైము పట్టే దారి ముఖ్యం. ఆ రోజు గాలి ఎక్కడ ఎంతుందో చూసి ఏ రోజు దారి ఆ రోజే గీస్తారు. పోయేటప్పుడు గాలిని తప్పించుకోవడానికి ఉత్తరానికి జరిగి గ్రీన్‌లాండ్, కెనడా మీదుగా పోతే, వచ్చేటప్పుడు గాలి మీద ఎక్కి రావడానికి దక్షిణానికి జరిగి అట్లాంటిక్ మధ్యలోంచి రావచ్చు. కిలోమీటర్లు పెరిగినా గంటలు తగ్గుతాయి.

ఇప్పుడు నాన్న టికెట్. అందులో ప్రతి ఊరి పక్కన ఆ ఊరి గడియారం టైమే వేస్తారు. హైదరాబాద్‌లో 3:50కి లేచిన విమానం నాలుగున్నర గంటలకి దోహాలో దిగుతుంది. అప్పుడు మన టైము 8:20, దోహా మనకంటే రెండున్నర గంటలు వెనక కాబట్టి అక్కడ 5:50. రెండు గంటల పది నిమిషాల తర్వాత 8:00కి రెండో విమానం. పదహారుంపావు గంటల ప్రయాణం తర్వాత దోహా గడియారంలో అర్ధరాత్రి దాటి 12:15 అవుతుంది. డల్లాస్ ఎండాకాలంలో దోహా కంటే ఎనిమిది గంటలు వెనక, అంటే అక్కడ అదే రోజు సాయంత్రం 4:15. నాలుగున్నర గంటలు, రెండు గంటల పది నిమిషాలు, పదహారుంపావు గంటలు కలిపితే 22 గంటల 55 నిమిషాలు. టికెట్ మీద కనిపించిన 12 గంటల 25 నిమిషాలకి డల్లాస్‌తో మనకున్న పదిన్నర గంటల తేడా కలిపితే వచ్చేది కూడా ఇదే.

ఈ తేడా ఏడాదంతా ఒకటి కాదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకి జరుపుతారు, నవంబర్ మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. కాబట్టి డల్లాస్‌తో మన తేడా ఎండాకాలం పదిన్నర, చలికాలం పదకొండున్నర. అమ్మ చెల్లికి ఫోన్ చేయడానికి వాడే లెక్క ఇంకా సులువు. ఎండాకాలంలో మన టైముకి గంటన్నర కలిపి పగలు, రాత్రి తారుమారు చేస్తుంది. ఇక్కడ రాత్రి 8 అయితే అక్కడ పొద్దున 9:30. చలికాలంలో అరగంట కలిపితే చాలు.

తిరుగు టికెట్‌లో సోమవారం సాయంత్రం 6:30కి ఎక్కి బుధవారం తెల్లవారుజామున 2:00కి దిగడం ఉంది. కాగితం మీద 31 గంటల 30 నిమిషాలు. అందులోంచి పదిన్నర తీసేస్తే 21 గంటలు. పోయేటప్పుడు గడియారం మనకి పదిన్నర గంటలు అప్పిచ్చింది, వచ్చేటప్పుడు వసూలు చేసుకుంది. నాన్నకి ఒక కిటుకు చెప్పాను. ఏ ఊరికి ఎంత తేడా అన్నది తెలియకపోయినా ఫర్వాలేదు, రెండు టికెట్ల మీది అంకెలూ కలిపి సగం చెయ్యండి అన్నాను. 12:25, 31:30 కలిపితే 43:55. సగం చేస్తే 22 గంటలకి రెండు మూడు నిమిషాలు తక్కువ. అది రానూపోనూ ప్రయాణాల సగటు. ఒకవైపు కలిసిన తేడా రెండోవైపు తీసివేతలో పోతుంది కాబట్టి ఏ రెండు ఊళ్లకైనా ఇది పనిచేస్తుంది. మధ్యలో గడియారాలు జరిపే ఆదివారం పడకపోతే చాలు. నాన్న వెంటనే టికెట్ వెనక వైపు పెన్నుతో వేసి చూసుకున్నారు.

నిజానికి నేను కంగారుపడింది ఈ గంటల గురించి కాదు, దోహాలో ఉన్న ఆ రెండు గంటల పది నిమిషాల గురించి. వినడానికి సరిపోయేట్టే ఉంటుంది. కానీ విమానం ఆగి, తలుపు తెరిచి, వెనక సీట్లవాళ్లు బయటపడేసరికి ఇరవై నిమిషాలు. మళ్లీ సెక్యూరిటీ చెక్. అమెరికా విమానాలకి గేటు దగ్గర ఇంకోసారి కాగితాలు చూస్తారు. గేటు ముందే మూసేస్తారు. మిగిలేది గంట. మొదటి విమానం అరగంట ఆలస్యమైతే ఆ గంటా సగమవుతుంది. ఇంగ్లీషు రాని, ఎస్కలేటర్ ఎక్కడానికి భయపడే అరవై ఐదేళ్ల మనిషికి అది చాలదు. మళ్లీ కొనాల్సి వస్తే మూడు, నాలుగు గంటల విరామం ఉన్న టికెట్టే కొంటాను. వీల్‌చైర్ సాయం కూడా టికెట్ కొన్న రోజే అడుగుతాను.

ఇంకో సంగతి గట్టిగా చెప్పాలి. రెండు విమానాలూ ఒకే బుకింగ్ మీద ఉండాలి. మా పిన్ని ఒకసారి నాలుగు వేలు కలిసొస్తుందని రెండు సంస్థల దగ్గర విడివిడిగా కొంది. మొదటి విమానం ఆలస్యమైంది, రెండోది వెళ్లిపోయింది. రెండోవాళ్లు మీ ఆలస్యంతో మాకు సంబంధం లేదన్నారు. ఎయిర్‌పోర్టులోనే పూర్తి ధర పెట్టి కొత్త టికెట్ కొనాల్సి వచ్చింది. ఒకే బుకింగ్ అయితే తర్వాతి విమానం ఎక్కించే బాధ్యత వాళ్లది. 2025 జూన్ 23న దోహా ఆకాశం ఉన్నట్టుండి మూసేసినప్పుడు గాలిలో ఉన్న విమానాలు వేరే ఊళ్లకి మళ్లాయి. అలాంటి రోజున చేతిలో ఒకే బుకింగ్ ఉండటం ఎంత ధైర్యమో ఆలోచించండి.

నాన్న మిగతా లెక్కలన్నీ ఒప్పుకున్నారు. అమ్మ ఒప్పుకోలేదు. ఆవిడ చేతికున్న గడియారం ఎక్కడా మార్చలేదు, దోహాలోనూ డల్లాస్‌లోనూ హైదరాబాద్ టైమే చూసుకుంది. మందులు వేసుకోవడానికి అదే సులువట. ఖమ్మంలో మా ఇంటి గేటుకి తాళం వేసినప్పుడు సాయంత్రం 6:30. కారులో శంషాబాద్ చేరేసరికి రాత్రి 11:30. లగేజీ, ఇమిగ్రేషన్, ఎదురుచూపు, ఆ తర్వాత విమానాలు. డల్లాస్‌లో క్యూలో నిలబడి, పెట్టెలు తీసుకుని, బావగారి కారులో ఫ్రిస్కో చేరి చెల్లి వాళ్ల గుమ్మంలో చెప్పులు విప్పేసరికి అక్కడ సాయంత్రం 6:30.

అమ్మ గడియారంలో ఐదు. ఎల్లుండి తెల్లవారుజాము ఐదు. ఆ రాత్రి వీడియో కాల్‌లో పడుకునే ముందు చెప్పింది. "ముప్పై నాలుగున్నర గంటలురా. గాల్లో ఉన్నది ఇరవై ఒకటే. మిగతాదంతా నేల మీదే పోయింది." వెనకాల నాన్న చెల్లి వాళ్ల పాప గ్లోబు తెచ్చుకుని కూర్చున్నారు, దారం కోసం వెతుకుతున్నారు.